కుడివైపు చూసే గాలిపిల్ల

ఉక్కుపిల్ల ఎప్పుడూ ఎడమవైపే చూస్తుంది. గాలిపిల్ల ఎప్పుడూ కుడివైపే చూస్తుంది. ఒక వారపత్రిక చివరి రెండు పేజీల్లో పదకొండేళ్లపాటు వచ్చిన బొమ్మల కథ అది. దాన్ని టీవీ సీరియల్‌గా తీస్తానని వచ్చిన గడ్డం డైరెక్టరు మొదటి మీటింగులోనే అడిగాడు, వాళ్లిద్దరూ తల ఎందుకు తిప్పరని.

అక్క గ్లాసెడు మంచినీళ్లు తాగింది. నేను పక్క కుర్చీలో కూర్చుని ఆవిడ ఏం చెబుతుందా అని చూస్తున్నాను.

అసలు కారణం అక్కకి తెలుసు, నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు. భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. అక్కది కుడిచేతివాటం. కుడిచేత్తో గీసేవాళ్లకి ఎడమవైపు తిరిగిన ముఖం సులువు. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం ఒక్క గీతలో దిగిపోతాయి. కుడివైపు తిరిగిన ముఖం కష్టం. సాధన చేస్తే వస్తుందంటారు గానీ అక్కకి రాలేదు. అక్క ఇరవై ఆరేళ్లు ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేసింది. ఆ బడిలో చదివినవాళ్లని ఎవర్ని పట్టుకుని మనిషి ముఖం గీయమన్నా ఎడమవైపే గీస్తారు. నాది పుర్రచేతివాటం. నాకు కుడివైపు ముఖం కళ్లు మూసుకున్నా వస్తుంది.

చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల ఉండేది. అక్క కుడిపక్క, నేను ఎడమపక్క కూర్చుంటే మోచేతులు తగిలేవి కావు. ఒకే కాగితం మీద ఆ చివర అక్క ఉక్కుపిల్లని గీసేది, ఈ చివర నేను గాలిపిల్లని గీసేదాన్ని. కథ ఇద్దరం కలిసి అల్లేవాళ్లం. ఉక్కుపిల్ల బస్సు డిపోలో పనిచేస్తుంది, లారీ గుద్దితే సొట్ట లారీకే పడుతుంది. గాలిపిల్ల బట్టలు కుట్టుకుని బతుకుతుంది, కిటికీ ఊచల్లోంచి దూరిపోతుంది, మామూలు వేళల్లో ఎగిరిపోకుండా జేబుల్లో గులకరాళ్లు వేసుకుని తిరుగుతుంది. అక్కకి పంతొమ్మిది, నాకు పదిహేడు ఉన్నప్పుడు మొదటి కథ పత్రికకి పంపాం. కవరు మీద అక్క తన పేరొక్కటే రాసింది. వాళ్లు అదే అచ్చు వేశారు. పదకొండేళ్లూ అదే వేశారు.

మీటింగులో అక్క నీళ్లు తాగడం అయ్యాక కాసేపు నీళ్లు నమిలింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది.

“వాళ్లు ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటారు బాబూ. దీని వెనకాల ఏముందో అది చూస్తుంది, దాని వెనకాల ఏముందో ఇది చూస్తుంది. తల తిప్పితే రెండోదానికి ప్రమాదం కదా. అందుకని తిప్పరు.”

డైరెక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. నిజం చెప్పొద్దూ, క్షణంపాటు నేనూ నమ్మాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. అతను చివరి మూడు వారాల కథ ఎత్తాడు. చిన్నప్పుడు అది చదివి రెండు రోజులు అన్నం మానేశాడట. ఆ మూడు వారాల్లో గాలిపిల్ల కనిపించదు. ఉక్కుపిల్ల ఒక్కతే ఎడమవైపు చూస్తూ నిలబడి ఉంటుంది, ఎదురుగా ఖాళీలో మాటల బుడగలు మాత్రం తేలుతుంటాయి. గాలిపిల్ల పూర్తిగా గాలిలో కలిసిపోయిందన్నమాట. లేని మనిషి ఇంతగా కనిపించడం తను ఇంకెక్కడా చూడలేదన్నాడు. జరిగింది ఏమిటంటే నాకు పెళ్లయింది. నేను మా ఆయనతో వేరే ఊరు వెళ్లిపోయాను. అక్కకి ఆ ముఖం గీయడం రాక బుడగలు గీసింది. మూడు వారాలు అలా లాక్కొచ్చి, ఇక లాభం లేదని ఆపేసింది.

నాకు కావలసింది ఒక్కటే. తెర మీద అక్క పేరు పక్కన నా పేరు పడాలి. నోరు తెరిచి నువ్వే చెప్పొచ్చుగా అని మా ఆయన అన్నాడు. నేను చెబితే చాడీ అవుతుంది. పైగా నాకు పంతం. కవరు మీద రాయనిది అక్క, చెప్పవలసింది కూడా అక్కే. నలభై ఏళ్లుగా ఇదే పంతం మీద ఉన్నాను కాబట్టి ఇంకో ఆరు నెలలు పెద్ద లెక్క కాదనుకున్నాను.

షూటింగు మొదలైంది. అక్కకి ‘రచయిత్రి’ అని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. నాకు ‘అతిథి’ అని ఇచ్చారు. నేను నంబరు ప్లేట్లు, షాపు బోర్డులు రాస్తాను, సొంత షాపు ఉంది, అది మూసుకుని రోజూ అతిథిగా వెళ్లేదాన్ని. డైరెక్టరు అక్కని మేడమ్ అనేవాడు, నన్ను ఆంటీ అనేవాడు. మా ఇద్దరికీ తేడా రెండేళ్లు, అందులోనూ చిన్నదాన్ని నేను.

తల తిప్పకూడదన్న నియమాన్ని అతను గోడ మీద రాయించి పెట్టాడు. ఉక్కుపిల్ల వేషం వేసే అమ్మాయి కెమెరాకి ఎడమవైపు తప్ప చూడకూడదు. కుడిపక్కన ఫోను మోగితే ఆ అమ్మాయి ఫోనుకి వీపు పెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, చెయ్యి వెనక్కి చాచి ఎత్తాలి. ఆమె కోసం సెట్లో తలుపులన్నీ ఎడమ గోడకి మార్చారు. బస్సు డిపోలో బస్సులన్నీ ఒకే దిక్కుకి నిలబెట్టారు. గాలిపిల్ల వేషం వేసే అమ్మాయికి తాళ్లు కట్టి గాల్లోకి లేపేవారు. తాడు మెలి తిరిగి ఆ పిల్ల ఎడమవైపు తిరిగిపోతే కట్ చెప్పి, దింపి, మళ్లీ లేపేవారు. మూడో వారానికి ఇద్దరికీ మెడలు పట్టేశాయి. ఒకమ్మాయి మెడ కుడివైపు తిరగదు, ఇంకో అమ్మాయి మెడ ఎడమవైపు తిరగదు. ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మర్దన చేసింది. ఆ దృశ్యం డైరెక్టరుకి ఎంతగా నచ్చిందంటే ఫోటో తీసుకున్నాడు.

నాకు నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది. ఇంతమంది ఇన్ని తిప్పలు పడుతున్నది మా అక్క చెయ్యి ఒక పక్కకి తిరగనందుకు. ఆ సంగతి తెలిసిన ఇద్దరం టీ తాగుతూ కూర్చుని చూస్తున్నాం.

మొదటి భాగం ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. ఆ ఊరి నుంచి తిరిగొచ్చాక మేం ఉండేది అక్క ఇంట్లోనే, పై వాటాలో. అక్కకి పెళ్లి కాలేదు, కింద ఒక్కతే ఉంటుంది. ముగ్గురం కింద టీవీ ముందు కూర్చున్నాం. పేర్లు మొదలయ్యాయి. కథ, బొమ్మలు అని పడి కింద అక్క పేరు వచ్చింది. తెర నిండా వచ్చింది. తర్వాత నటులు, కెమెరా, తాళ్లు కట్టినవాళ్లు. చివర్లో కృతజ్ఞతలు. అందులో డిపో ఇచ్చిన కంపెనీ పేరుంది, టీ పోసినతని పేరుంది. నేను లేను. మా ఆయన రిమోటు వైపు చూశాడు గానీ తీసుకునే ధైర్యం చెయ్యలేదు. అక్క తెర మీంచి చూపు తిప్పలేదు.

జనం చూడలేదు. చూసినవాళ్లకి అర్థం కాలేదు. ఉక్కుపిల్ల దొంగల వెంట పడితే వాళ్లు ప్రతిసారీ ఎడమకే పరిగెత్తేవారు, ఎందుకంటే కుడికి పరిగెడితే ఆమె పట్టుకోలేదు. ఒక ప్రేక్షకుడు ఛానల్‌కి ఉత్తరం రాశాడు. దొంగలకి ఆ మాత్రం ఎవరూ చెప్పరా, ఒక్కసారి కుడికి తిరిగితే చాలుగా అని. ఆ ఉత్తరాన్ని ఛానల్ పెద్దాయన మీటింగులో పైకి చదివాడు. పదమూడు భాగాలు అనుకున్నది ఆరు తర్వాత ఆలోచిద్దాం అన్నాడు. అలా అన్నాక ఎవరూ ఆలోచించరని ఆ గదిలో అందరికీ తెలుసు.

నాలుగో భాగం వచ్చిన మర్నాడు పొద్దున్నే నేను కిందకి దిగాను. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఇంక రెండే భాగాలు మిగిలాయి, తర్వాత పేరు వేయమన్నా వేయడానికి తెర ఉండదు. అందుకని సూటిగా అడిగాను. డైరెక్టరుకి నిజం చెప్పమన్నాను. చెబితే ఆ పిల్లల మెడలైనా బాగుపడతాయన్నాను. నవ్వుతారే అంది అక్క. నవ్వనీ అన్నాను. ఇప్పటిదాకా నిలబెట్టుకున్న పరువు పోతుంది అంది.

“మరి నా పేరు?”

అక్క కొళాయి కట్టేసింది. “నలభై ఏళ్లలో నువ్వొక్కసారైనా అడిగావా?”

“అడిగితే వేసేదానివా?”

అక్క చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. వేసేదాన్ని కాదు అంది.

“పాఠకుల ఉత్తరాలు గుర్తున్నాయా? అందరూ గాలిపిల్ల బాగుంది, గాలిపిల్ల కళ్లు బాగున్నాయి అనే రాసేవాళ్లు. ఉక్కుపిల్ల గురించి ఒక్కడూ రాయలేదు. ఒక్క పేరే ఉంటే ఆ ఉత్తరాలన్నీ నాకే కదా వస్తాయి. అందుకనే ఆ తర్వాత కూడా నీ పేరు రాయలేదు. మర్చిపోయి కాదు.”

మర్చిపోయిందనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. అక్క తొందర మనిషి, కవరు మీద గబగబా తన పేరు రాసేసి ఉంటుంది, తర్వాత దిద్దడానికి మొహమాటపడి ఉంటుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గాలిపిల్లని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు అక్క నాకు చదివి వినిపించేది, ఇద్దరం సంబరపడేవాళ్లం. ఆవిడ సంబరం నటనని అప్పుడు తెలిసింది.

పైకి వెళ్లిపోయాను. తొమ్మిది రోజులు మాట్లాడలేదు. వండిన కూరలు మాత్రం ఎప్పటిలాగే గిన్నెల్లో మెట్ల మీదుగా కిందకీ పైకీ తిరిగాయి. మోసింది మా ఆయన. మోస్తూ మోస్తూ, మీరిద్దరూ కొట్టుకున్నా బాగుండేది, నా మోకాళ్లు మిగిలేవి అన్నాడు.

పదో రోజున అక్క ఆయనచేత కబురు పంపింది. మర్నాడు ఛానల్‌లో పొద్దుటి ఆడవాళ్ల కార్యక్రమానికి తనని పిలిచారట. నేరుగా ప్రసారమవుతుంది. నన్ను రమ్మంటోందట. రానని చెప్పి పంపాను. కానీ పొద్దున్నే తయారై మెట్ల కింద నిలబడ్డాను. ఆటోలో ఎవరి కిటికీలోంచి వాళ్లం బయటికి చూస్తూ వెళ్లాం.

స్టూడియో వరండాలో గడ్డం డైరెక్టరు గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం తీసేశాడు, అందుకని మొదట పోల్చుకోలేదు. సీరియల్ అటకెక్కిందని అరగంట క్రితమే చెప్పారట. ఆ వారం వచ్చే ఆరోదే ఆఖరుది. మరి ఈ కార్యక్రమం ఎందుకని అక్క అడిగితే, ఆ గంటసేపు చూపించడానికి ఇంకేం లేదు మేడమ్ అన్నాడు. ఉద్యోగం పోయిన మనిషిలా కాక, బస్సు తప్పిపోయిన మనిషిలా మామూలుగా చెప్పాడు. అతని మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

లోపల ముప్ఫైమంది ఆడవాళ్లని ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు. ఏదో కుట్టు శిక్షణ కేంద్రం నుంచి తెచ్చారు, సగం మంది ఒళ్లో పని పెట్టుకునే వచ్చారు. నన్ను ముందు వరసలో చివర కూర్చోమన్నారు. యాంకరమ్మాయి అక్కని పరిచయం చేసి, సీరియల్‌ని ఆదరిస్తున్న ప్రేక్షకులకి ధన్యవాదాలు చెప్పి, రెండు మాటలు అడిగి, తెల్లబోర్డు తెప్పించింది. మార్కరు చేతికిచ్చి, ఇద్దరినీ ఒకసారి మా కోసం గీసి చూపించండి మేడమ్ అంది.

ఇద్దరినీ అనేసరికి నేను కుర్చీ అంచుకి జరిగాను. అక్క మీద కోపం చావలేదు. అయినా నలుగురిలో ఆవిడ చెయ్యి తడబడటం చూడాలని మాత్రం నాకు లేదు.

అక్క బోర్డుకి కుడి సగంలో ఉక్కుపిల్లని గీసింది. అయిదారు గీతలు, అంతే. అరవై వచ్చినా ఒక్క గీత దిద్దలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎడమ సగం ముందుకు జరిగి మార్కరు ఎత్తి ఆగింది. కెమెరా పక్కన నిలబడ్డ డైరెక్టరు చేతులతో గాల్లో గుండ్రంగా చూపిస్తున్నాడు. బుడగ గీయండి మేడమ్ అని. ఖాళీ బుడగ ఒకటి గీస్తే చాలు, అదే అందరికీ తెలిసిన ముగింపు, మళ్లీ చప్పట్లు కొడతారు. అక్క అతని వైపు చూసింది, అర్థమైందన్నట్టు తలూపింది.

ఆ తర్వాత గాలిపిల్ల ముఖం గీయడం మొదలుపెట్టింది. కుడివైపు తిరిగిన ముఖం. నుదురు లోపలికి పోయింది. కన్ను చెంప మీదకి జారింది. ముక్కు దగ్గర రెండుసార్లు చెరిపి మూడోసారి గీసింది, అది బంగాళాదుంపలా వచ్చింది. గడ్డం అసలు దొరకలేదు. కుట్టు కేంద్రం ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు, నవ్వు వెనక వరస దాకా పాకింది. అక్క ఆగలేదు. బొమ్మ పూర్తిచేసి, మూత పెట్టి, పక్కకి జరిగి అందరికీ కనిపించేలా నిలబడింది. ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

ఇది కొత్త స్టైలా మేడమ్ అని యాంకరమ్మాయి సర్దబోయింది.

“కాదమ్మా. నాకు ఈ వైపు రాదు. ఎప్పుడూ రాలేదు. గాలిపిల్లని గీసింది మా చెల్లెలు. పదకొండేళ్లూ అదే గీసింది. నేను దాని పేరు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు.”

నవ్వు ఆగిపోయింది. డైరెక్టరు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఇన్నేళ్లూ నేను ఎదురుచూసిన మాట ఇదే. విన్నాక ఏం చేయాలో ఎన్నోసార్లు అనుకున్నాను. తలెత్తి కూర్చోవాలి, చిన్నగా నవ్వాలి, కళ్లు మాత్రం తుడుచుకోకూడదు. అవేవీ జరగలేదు. నేను బోర్డు వైపే చూస్తున్నాను. ఆ ముక్కు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

లేచి వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. అక్క చేతిలోంచి మార్కరు తీసుకుని, పమిట చెంగుతో ఆ ముఖం తుడిచేసి, ఎడమచేత్తో గీశాను. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం. కళ్లు చివర్న పెట్టాను. ముప్ఫై ఏళ్ల తర్వాత గీస్తున్నాను, అయినా వచ్చింది. గాలిపిల్ల ఉక్కుపిల్ల ముఖంలోకి చూస్తోంది. నేనూ అక్కా బోర్డుకి చెరోపక్కన నిలబడి ఉన్నాం. పది రోజుల తర్వాత అక్క ముఖం సరిగ్గా చూశాను. ముసలిదైపోయింది. భయపడుతోంది కూడా.

“ముక్కు అలాగా గీసేది?” అన్నాను.

“నాకు రాదని చెప్పానుగా,” అంది.

యాంకరమ్మాయి మైకు నా దగ్గరికి తెచ్చి, మీ పేరు చెప్పండి అమ్మా అంది. నోరు తెరిచాను. మాట పెగల్లేదు. మళ్లీ ప్రయత్నించాను, లాభం లేకపోయింది. యాంకరమ్మాయి గడియారం వైపు చూసింది.

అక్క మైకు తన వైపు లాక్కుని నా పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. సరిగ్గా వినపడిందో లేదో అని మళ్లీ చెప్పింది.